21 డాలర్ల దావా

ఆడిటర్ని కాబట్టి ఏ తీర్పు చదివినా ముందు అంకెలే నా కంట పడతాయి. బాబ్ జోన్స్ యూనివర్సిటీ కేసులో అలా తగిలిన అంకె 21 డాలర్లు. అమెరికాలో సౌత్ కరొలైనా రాష్ట్రం గ్రీన్‌విల్‌లో ఉన్న ఆ క్రైస్తవ సంస్థ, ఒకే ఒక్క ఉద్యోగి తాలూకు నిరుద్యోగ పన్ను 21 డాలర్లు కట్టి, అది వాపసు ఇప్పించమని కోర్టుకెక్కింది. ప్రభుత్వం ఊరుకుంటుందా? 1971 నుంచి 1975 దాకా బకాయి 4,89,675 డాలర్లు, పైన వడ్డీ అంటూ ఎదురు దావా వేసింది.

అసలు తగువు వేరే. 1971 దాకా ఆ సంస్థ నల్లవాళ్లను గడప తొక్కనివ్వలేదు. ఆ తర్వాత తమ జాతిలోనే పెళ్లి చేసుకున్నవాళ్లను రానిచ్చింది. 1975లో పెళ్లికానివాళ్లనూ చేర్చుకుంది గానీ, జాతి దాటి ప్రేమించినా పెళ్లాడినా పంపించేసేది. జాతులను వేరుగా ఉంచింది దేవుడేనని, బైబిలు చెప్పేది అదేనని వాళ్ల విశ్వాసం. జాతి వివక్ష పాటించే ప్రైవేటు బడులకు పన్ను మినహాయింపు లేదని పన్నుల శాఖ 1970లో తేల్చింది. 1976లో ఈ సంస్థ మినహాయింపును పాత తేదీ నుంచే రద్దు చేసింది.

1982లో రీగన్ ప్రభుత్వం ప్లేటు ఫిరాయించింది. పన్నుల శాఖ పక్షాన వాదించేవాళ్లే లేకపోయేసరికి, సుప్రీంకోర్టు విలియం కోల్‌మన్ అనే నల్లజాతి న్యాయవాదిని పిలిచి ఆ పని అప్పగించింది. 1983 మే 24న 8-1తో సంస్థ ఓడింది. దాని విశ్వాసం బూటకమని కోర్టు అనలేదు. మీ నమ్మకం మీది, కానీ మీకిచ్చే మినహాయింపు బరువు మిగతా పన్నుదారుల మీద పడుతుంది కదా అంది. వివక్షను రూపుమాపాలని దేశం తీర్మానించుకున్నాక దానికి ఎదురు నడిచే సంస్థ ధర్మసంస్థ ఎలా అవుతుందని అడిగింది.

నాకు సబబుగానే తోచింది. అయినా ఆ తీర్పుతో ఏకీభవిస్తూనే జస్టిస్ పావెల్ విడిగా రాసిన మాట నన్ను గుచ్చుతూ ఉంటుంది. సర్కారు విధానంతో గొంతు కలిపిన సంస్థలకే మినహాయింపు అంటే, గొంతు కలపనివాళ్ల గతేమిటని ఆయన బెంగ. అధికారంలో ఎవరుంటే వాళ్లకు నచ్చిన దేవుడికే రాయితీ దక్కే రోజు రాదని ఎవరు పూచీ పడతారు?

పన్నుపోటుతో ఆ సంస్థ మనసేమీ మారలేదు. 17 ఏళ్లు పన్ను కడుతూనే నియమం నిలబెట్టుకుంది. ఆ పట్టుదల చూస్తే, నచ్చకపోయినా, ఒక రకం గౌరవం కలుగుతుంది. 2000లో జార్జ్ బుష్ ఎన్నికల ప్రచారానికి అక్కడికి వెళ్లడంతో దేశమంతా దుమారం రేగింది. మార్చిలో సంస్థ అధ్యక్షుడు, లారీ కింగ్ నడిపే టీవీ కార్యక్రమంలో కూర్చుని, నిషేధం ఎత్తేస్తున్నామన్నాడు. దాదాపు ఐదు లక్షల డాలర్ల అప్పుకు లొంగని దైవాజ్ఞ అల్లరికి లొంగింది! అది నిజంగా దైవాజ్ఞే అయితే అంత తేలిగ్గా వదులుకోవచ్చా? కాకపోతే అన్నేళ్లు ఎంతమంది పిల్లల్ని దేవుడి పేరు చెప్పి విడదీసినట్టు? 2008లో క్షమాపణ చెప్పారు. 2017లో మినహాయింపు తిరిగి దక్కింది.

మన 1961 ఆదాయపు పన్ను చట్టం ఈ సంగతి ముందే కనిపెట్టింది. సెక్షన్ 13(1)(బి) ప్రకారం, ఆ చట్టం వచ్చాక పుట్టిన ధర్మట్రస్టు ఒక్క మతానికో కులానికో మేలు చేసేదైతే మినహాయింపు ఉండేది కాదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టినవాటికి ఆ అడ్డు ఉండేది కాదు. అందుకే దస్తావేజులో 'సర్వజనులకు' అని రాయించుకోని కులసత్రం నాకింతవరకు తగల్లేదు. పుణ్యక్షేత్రాల్లో గది అడిగి చూడండి, తాళంచెవి కన్నా ముందు గోత్రం ప్రశ్న వస్తుంది.

అలాంటి ఒక సత్రం గదుల రిజిస్టరులో కులం గడి చూసి, ఇదేమిటండీ అన్నాను. "పెద్దల నాటి ఆచారం ఆడిటరుగారూ, అది అలా ఉండనిచ్చి, పన్ను పడకుండా మీరే ఏదో చూడాలి" అన్నారు కోశాధికారిగారు. ఆచారం కావాలంటే పన్ను కట్టండి, వద్దంటే గడి కొట్టేయండి అన్నాను. మరుసటి ఏడాదికి కొత్త రిజిస్టరు అచ్చు వేయించారు. కులం గడి లేదు. దాని చోట ఇంటిపేరు, సొంతూరు అని రెండు గడులున్నాయి.