జపమూ ధైర్యమూ: ఒక వేదసాక్షి నిర్ణయంపై నైతిక విచారణ

ఉపోద్ఘాతం

తెలుగు కతోలిక సమాజంలో 'మార్టిర్' అనే పదానికి 'వేదసాక్షి' అనే మాట స్థిరపడింది. మూలమైన గ్రీకు పదం 'మార్తుస్'కు కూడా సాక్షి అనే అర్థం. మరణం ఆ పదంలో మొదట లేదు, చరిత్రలో వచ్చి చేరింది. తెలుగు మాట ఆ తొలి అర్థాన్ని నిలుపుకొన్నది. సాక్షి ముఖ్య ధర్మం చావడం కాదు, తాను ఎరిగిన సత్యాన్ని అడిగినచోట చెప్పడం. అలా చెప్పినందుకు ప్రాణం పోయే పరిస్థితి వస్తే ఆ సాక్ష్యానికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? విశ్వాసులు దీనికి ప్రార్థననుంచి అని జవాబిస్తారు. ఈ జవాబు ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జవాబు పైకి కనిపించినంత సులభమైనది కాదు. ఒకే ఆలయంలో, ఒకే జపాన్ని, ఒకే భాషలో చెప్పినవారు తీవ్రమైన నైతిక సంకటంలో పరస్పర విరుద్ధమైన నిర్ణయాలు తీసుకున్నారు. జపం ఒక్కటే ధైర్యానికి కారణమైతే ఈ భేదం ఎందుకు వచ్చింది? దీనిని చర్చించడానికి ఆస్ట్రియాకు చెందిన రైతు ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ జీవితం తగిన ఉదాహరణ.

ఒక రైతు నిర్ణయం

యేగర్‌స్టెట్టర్ 1907లో ఎగువ ఆస్ట్రియాలోని సాంక్ట్ రాడెగుండ్ గ్రామంలో జన్మించాడు. యౌవనంలో అతడు ప్రత్యేకంగా భక్తిపరుడని పేరు పొందినవాడు కాడు. 1936లో ఫ్రాంజిస్కాను వివాహమాడిన తరువాత అతని భక్తిజీవితం గాఢమైంది. వారికి ముగ్గురు కుమార్తెలు. 1938లో ఆస్ట్రియా జర్మనీలో విలీనమైనప్పుడు జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఆ గ్రామంలో వ్యతిరేకంగా ఓటు వేసినవాడు అతడొక్కడే. 1940, 1941లలో కొంతకాలం సైనిక శిక్షణ పొంది, వ్యవసాయ అవసరం కారణంగా మినహాయింపుపై ఇంటికి తిరిగివచ్చాడు. అటుతరువాత గ్రామ దేవాలయంలో పరిచారకుడుగా పనిచేస్తూ, అనుదినం దివ్యబలిపూజలో పాల్గొంటూ, వేదగ్రంథాన్నీ పునీతుల చరిత్రలనూ చదువుతూ, తన సందేహాలను నోటుపుస్తకాలలో రాసుకున్నాడు.

మళ్లీ పిలుపు వస్తే యుద్ధానికి వెళ్లరాదని అతడు నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయాన్ని తనలోనే దాచుకోలేదు. గురువులను సంప్రదించాడు. లింజ్ పీఠాధిపతి జోసెఫ్ ఫ్లీసర్‌ను స్వయంగా కలిశాడు. ఒక సామాన్య పౌరుడు ప్రభుత్వం చేసే యుద్ధంలోని న్యాయాన్యాయాలకు బాధ్యుడు కాడనీ, కుటుంబంపట్ల అతనికి కర్తవ్యం ఉన్నదనీ ఆయన సలహా సారాంశం. 1943 మార్చిలో పిలుపు వచ్చినప్పుడు యేగర్‌స్టెట్టర్ ఎన్స్‌లోని సైనిక స్థావరానికి వెళ్లి, ఆయుధం పట్టనని తెలియజేశాడు. లింజ్‌లోనూ అనంతరం బెర్లిన్‌లోని టేగెల్‌లోనూ బందీగా ఉన్నాడు. వైద్య సహాయకుడుగా సేవ చేయడానికి సిద్ధమని చెప్పినా అంగీకారం లభించలేదు. జులై 6న మరణశిక్ష విధించారు. 1943 ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్‌లో శిరచ్ఛేదం జరిగింది.

ధైర్యం: దాడియా, సహనమా?

కతోలిక నీతిశాస్త్రంలో ధైర్యం నాలుగు ప్రధాన సద్గుణాలలో ఒకటి. తోమాస్ అక్వినాస్ తన 'సుమ్మ థియొలాజికా'లో ధైర్యానికి రెండు క్రియలున్నాయని చెబుతాడు. ఒకటి ఆపదపై దాడిచేయడం, రెండవది ఆపదలో చలించక నిలవడం. వీటిలో రెండవదే ప్రధానమని ఆయన నిర్ణయం. దాడిచేసేవాడు తనను బలవంతుడిగా భావించుకుంటాడు. నిలిచేవాడికి ఎదుటివాని బలమే ఎక్కువగా కనిపిస్తుంది. దాడి చేసేవాడికి ఆపద ఇంకా రావలసినది, నిలిచేవాడికి అది వచ్చి మీద ఉన్నది. దాడి క్షణికం కావచ్చు, నిలకడకు దీర్ఘకాలం అవసరం.

ఈ వివరణ భారతీయ సాహిత్య విద్యార్థికి అపరిచితం కాదు. చిత్తవికారానికి కారణం ఎదుట ఉన్నప్పటికీ చిత్తం చలించనివారే ధీరులని కాళిదాసు కుమారసంభవంలో నిర్వచించాడు. అక్కడి సందర్భం తపస్సుకు సంబంధించినది, ఇక్కడిది మరణభయానికి సంబంధించినది. అయినా రెండింటిలోనూ కారణం తొలగిపోవడం ధైర్యానికి షరతు కాదు. అది ఉండగానే నిలవడం ధైర్యం. యేగర్‌స్టెట్టర్‌కు ధైర్యం అవసరమైనది ఒక్క ఆగస్టు ఉదయాన మాత్రమే కాదు. మార్చి నుంచి ఆగస్టు వరకు ప్రతి దినమూ, ఒక్క సంతకంతో బయటపడే అవకాశం కళ్లముందు ఉండగా, అతడు నిలవవలసివచ్చింది.

జపం చేసే పని

ఇక్కడ ప్రార్థన పాత్ర ఏమిటి? ప్రార్థనను కోరిక తీర్చే సాధనంగా భావిస్తే యేగర్‌స్టెట్టర్ ప్రార్థన విఫలమైనట్లే లెక్క. చెర విడుదల కాలేదు. ఈ విషయంలోనూ అక్వినాస్ వాదం స్పష్టం. దైవ సంకల్పాన్ని మార్చడానికి మనం ప్రార్థించము, ప్రార్థన ద్వారా సిద్ధించాలని దేవుడు సంకల్పించినదానిని పొందడానికి ప్రార్థిస్తాము. అంటే ప్రార్థనలో మారవలసినవాడు ప్రార్థించేవాడే. గెత్సెమనే తోటలో యేసు చేసిన ప్రార్థన ఇందుకు ఆదర్శం. అక్కడ భయం దాచబడలేదు. ఆ పాత్ర తొలగిపోవాలనే కోరికా వ్యక్తమైంది, అనంతరం తండ్రి చిత్తానికి సమర్పణా జరిగింది. మొదటిది లేకుండా రెండవది జరిగివుంటే అది నటన అయ్యేది.

పరలోక జపము నిర్మాణాన్ని పరిశీలించినా ఇదే తెలుస్తుంది. దైవచిత్తం నెరవేరాలనే కోరిక అందులో అనుదినాహారపు కోరికకు ముందు వస్తుంది. అపరాధులను క్షమించామనే మాట మన క్షమాపణకు కొలతగా నిలుస్తుంది. దీనిని అనుదినం చెప్పే వ్యక్తి తెలియకుండానే తనను తాను ఒక విచారణకు గురిచేసుకుంటాడు. యేగర్‌స్టెట్టర్ రచనల్లో ఆ విచారణ కనిపిస్తుంది. అన్యాయమని తాను గుర్తించిన యుద్ధంలో పాల్గొంటూ ఈ జపాన్ని చెప్పగలనా అనేదే అతని ప్రశ్న. చేతులకు సంకెళ్లున్నా సంకల్పానికి లేకపోవడం మేలన్న భావాన్ని అతడు చెరసాలలో రాశాడు. జపం అతనికి భయాన్ని పోగొట్టలేదు. భయం తీర్పరి కాకుండా చేసింది.

చెరసాల భక్తి తెలుగువారికి రామదాసు ద్వారా పరిచితం. గోలకొండ చెరలో రామదాసు దేవుణ్ణి వేడుకుంటాడు, నిలదీస్తాడు, నిష్ఠురమాడతాడు. ఆ కథకు సంప్రదాయం విడుదలతో ముగింపు కల్పించింది. యేగర్‌స్టెట్టర్ కథకు అటువంటి ముగింపు లేదు. భక్తికి ఫలం విడుదల కాదని ఒప్పుకోవలసిన చోట ప్రశ్న మరింత కఠినమవుతుంది.

మూడు ఆక్షేపణలు

మొదటిది మూర్ఖపు పట్టుదలకు సంబంధించినది. మతోన్మాది కూడా ప్రార్థిస్తాడు, ప్రాణానికి తెగిస్తాడు. మరి భేదమేమిటి? ధైర్యం న్యాయమైన ప్రయోజనానికి లోబడినప్పుడే సద్గుణమనీ, వేదసాక్షిని చేసేది శిక్ష కాక కారణమనీ అగస్టీనుకాలం నుంచి శ్రీసభ బోధిస్తున్నది. యేగర్‌స్టెట్టర్ విషయంలో మూడు లక్షణాలు గమనార్హం. తన నిశ్చయాన్ని పెద్దల ముందు పరీక్షకు పెట్టాడు. ఆయుధం లేని సేవకు సిద్ధపడ్డాడు. యుద్ధానికి వెళ్లినవారిపై తీర్పు చెప్పలేదు. ఉన్మాదంలో సాధారణంగా ఈ మూడూ లోపిస్తాయి.

రెండవది విధేయతకు సంబంధించినది. పీఠాధిపతి సలహాను తోసిపుచ్చిన కతోలికుడు విధేయుడెలా అవుతాడు? ఆ సలహా విశ్వాస సిద్ధాంతం కాదు, ఒక సందర్భంలో ఇచ్చిన హితవు. అంతరాత్మ నిశ్చితంగా నిషేధించినదానిని చేయడం పాపమని కతోలిక సంప్రదాయమే అంగీకరిస్తుంది. తరువాతి చరిత్ర ఈ వాదానికి బలం చేకూర్చింది. 1964లో గార్డన్ జాన్ గ్రంథం అతని కథను లోకానికి తెలిపింది. రెండవ వాటికన్ మహాసభ చర్చల్లో బొంబాయి పూర్వపు అగ్రపీఠాధిపతి తోమాస్ రాబర్ట్స్ అతని ఉదంతాన్ని ప్రస్తావించారు. అంతరాత్మ కారణంగా ఆయుధం పట్టనివారికి చట్టాలు మానవీయమైన వెసులుబాటు కల్పించాలని 1965 నాటి మహాసభ పత్రం పేర్కొన్నది. 2007లో శ్రీసభ అతణ్ణి ధన్యుడిగా ప్రకటించింది.

మూడవది అన్నింటికంటె కఠినమైనది. తన అంతరాత్మకు భార్యాబిడ్డలు మూల్యం చెల్లించవచ్చునా? ఫ్రాంజిస్కా మొదట అతణ్ణి వారించింది. అతని నిశ్చయం తెలిసిన తరువాత అతని పక్షాన నిలిచింది. యుద్ధానంతరం గ్రామంలో చాలామంది ఆమెను దూరంగా ఉంచారు. యుద్ధంలో మరణించినవారి భార్యలకు లభించే పింఛను ఆమెకు 1950 వరకు రాలేదు. ఈ బాధను వేదసాక్షి మహిమలో కలిపివేయడం అన్యాయం. అతని నిర్ణయం సరైనదైనా, దాని భారం ఆమెపై పడినమాట వాస్తవం. అయితే ఆ భారాన్ని మోపినది ఎవరు? అన్యాయానికి లొంగనివాడా, లొంగకుంటే చంపుతానన్న రాజ్యమా? బాధ్యత రెండవదానిదే అని ఒప్పుకున్నప్పటికీ, ఆక్షేపణ పూర్తిగా తొలగదు. ఫ్రాంజిస్కా ధైర్యాన్ని కూడా సాక్ష్యంగా లెక్కించినప్పుడే దానికి కొంత సమాధానం దొరుకుతుంది. అతని నిలకడ అయిదు నెలలు. ఆమె 2013లో నూరేళ్ల వయసులో మరణించేవరకు, డెబ్బై ఏళ్లు నిలిచింది.

ఉపసంహారం

మొదటి ప్రశ్నకు ఇప్పుడు పరిమితమైన సమాధానం చెప్పవచ్చు. జపం తనంత తానుగా ధైర్యాన్ని పుట్టించదు. అలా పుట్టిస్తే ఒకే ఆలయంలో ప్రార్థించినవారందరూ ఒకే విధంగా నిలిచివుండేవారు. జపవాక్యాలు తనను ప్రశ్నించడానికి అనుమతించినవానికి అవి భయాన్ని ఒప్పుకొనే స్థలాన్నీ, భయాన్ని మించిన కొలతనూ ఇస్తాయి. ఆ కొలతను స్వీకరించడం మానవ స్వేచ్ఛకు చెందినది. అందుకే ఆ ధైర్యం సద్గుణమవుతున్నది. విశ్వాసి దీనిని దైవానుగ్రహమంటాడు. కతోలిక దృష్టిలో అనుగ్రహం స్వేచ్ఛను రద్దుచేయదు గనుక ఈ రెండు మాటలకూ వైరుధ్యం లేదు.

వేదసాక్షులను స్తుతించడం సులభం. వారు జీవించివుండగా వారి పక్కన నిలిచినవారు తక్కువ. 1943లో యేగర్‌స్టెట్టర్‌కు హితవు చెప్పినవారు దుర్మార్గులు కారు, వారూ జపం చేసినవారే. భక్తి సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారు భక్తుని ధైర్యంతోపాటు, అతని చుట్టూ ఉన్న సజ్జనుల మౌనాన్ని కూడా పరిశీలనాంశంగా స్వీకరించవలసి ఉన్నది.