నురుగు తెలుపు ఎవరిది?

కుంకుడుకాయలు నలగ్గొట్టి నానబెడితే రసం టీ డికాషన్ రంగులో దిగుతుంది. చేత్తో చిలికితే లేచే నురుగు మాత్రం తెలుపు. అంగట్లో కొన్న ఎర్రసబ్బుదీ పచ్చసబ్బుదీ అదే కథ. మరి ఆ రంగు ఎటు పోయింది?

ఎటూ పోలేదు. నురుగులో ఎక్కువ భాగం గాలే. బుడగ గోడ మందం మిల్లీమీటరులో వెయ్యోవంతు దగ్గర ఉంటుంది. అంత పల్చటి పొరలో రంగు ఎంతని? అది వెలుతురును మింగేది బహు కొంచెం. కానీ పొరలు వేలల్లో ఉంటాయి. ప్రతి పొరా తన మీద పడ్డ వెలుతురులో కొంత వెనక్కి కొడుతుంది. అన్ని రంగులూ కలగలిసి కంటికి చేరితే అది తెలుపు. తెల్లటి వెలుతురులో రంగులన్నీ ఉన్నాయని న్యూటన్ 1704లో తన 'ఆప్టిక్స్'లో రాశాడు. అంటే నురుగు తెలుపు సబ్బు సొత్తు కాదు, వెలుతురుది.

ఇది సైన్సు పాఠమేగా అంటారు. కానీ మా పిల్లలు ఆ తెల్ల నురుగును చూసి ఏమనుకుంటున్నారో గమనించండి. బుట్టాయగూడెం కొండల కోయ, కొండరెడ్డి పిల్లలైనా, కొల్లేరు లంకల యానాది పిల్లలైనా హాస్టల్లో మొహం మళ్ళీ మళ్ళీ రుద్దుకుంటారు, ఆ తెలుపు కొంచెమైనా అంటుతుందేమోనని. 'శుభ్రంగా రండి' అనాల్సిన చోట 'తెల్లగా రండి' అనే టీచర్లూ ఉన్నారు. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ఏ దుకాణానికి వెళ్ళినా ఆ ఆశే డబ్బాల్లో అమ్ముతారు. 1975లో వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో 'గ్లో అండ్ లవ్లీ' అయింది. పేరు మారింది, మోజు మారిందా?

మట్టి వదిలించేది నురుగు కాదు, నీళ్ళలో కరిగిన సబ్బు. ఒంటి నలుపు మట్టి కాదు. అది చర్మం లోపలి మెలనిన్. ఎండలో పోడు కొట్టే మనిషికి అదే గొడుగు. దాన్ని మురికితో ఒక గాట కట్టడం తెలియనితనమే కాదు, అన్యాయం కూడా. (మన తెలుగులో దిక్కుతోచనివాడు వేసేది 'తెల్లమొహం' అని పిల్లలకు చెబితే భలే నవ్వుతారు.)

టీచర్లు ఒకసారి బొప్పాయి ఆకు కాడతో పిల్లల చేత బుడగ ఊదించాలి. ఒంటరి బుడగ మీద ఎరుపు, ఆకుపచ్చ, ఊదా తిరుగుతాయి. నీరు కిందికి జారేకొద్దీ పైకొన పల్చబడుతుంది. గాలి లేనిచోట బుడగ కాసేపు నిలిస్తే, పగిలే ముందు ఆ కొన నల్లగా మారుతుంది. అక్కడ పొర మరీ పల్చనై, రెండు వైపుల నుంచీ వెనక్కొచ్చే వెలుతురు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటుంది. ఆ నలుపును ముందు ఎవరు కనిపెడతారో చూడమనండి.