కత్తెర పెట్టే ముందు

తెలుగులో దేన్నయినా తీసిపారెయ్యాలంటే 'అతుకుల బొంత' అంటే చాలు. నాలుగు పార్టీలు కూడి ప్రభుత్వం పెడితే అతుకుల బొంత. పది పుస్తకాలు ముందేసుకుని ఒకాయన పదకొండోది రాస్తే అదీ అతుకుల బొంతే. ఈ మాట విసిరేవాళ్లు జన్మలో ఎప్పుడైనా బొంత కుట్టారా అని నా అనుమానం. కుట్టివుంటే అది తిట్టుగా వాడడానికి నోరు రాదు. వంకర గుడ్డకీ తిన్నని గుడ్డకీ, దిట్టమైన దానికీ నలిగిపోయిన దానికీ పొత్తు కుదర్చడం ఎంత పనో ప్రభుత్వాలు నడిపేవాళ్లని అడగండి, చెబుతారు.

పూర్వం మన ఇళ్లల్లో బొంత అంటే పాత నేతచీరెలే. నాలుగైదు చీరెలు పొరలు పొరలుగా పరిచి, లోపల చిరుగులన్నీ దాచేసి, పైకి కాస్త బాగున్న చీరె వేసి, పెద్ద సూదితో దూరదూరంగా టాకాలు వేసేవాళ్లు. వేసవి మధ్యాహ్నాలు ఆడవాళ్లంతా చుట్టూ కూచుని తలో మూలనుంచీ కుట్టుకుంటూ వస్తుంటే, ఊళ్లో కబుర్లన్నీ కూడా ఆ బొంతలోకే పోయేవి. ఇప్పుడా నేతచీరెలు ఎక్కడున్నాయి? కట్టేవి నైలెక్సులూ, సిల్కులూ, మరేవో మెరిసేవీ. అవి బొంతకి పనికిరావు, చెమట పీల్చవు. ఇంటిల్లిపాదికీ పోగుపడేది ఒకటే: జీన్స్ ప్యాంట్లు.

మా అటక మీద పదకొండు తేలాయి. ఉద్యోగానికి పోతూ మా అబ్బాయి వదిలేసినవి ఆరు, అమ్మాయివి మూడు, మా మరిదివి రెండు. అందులో మోకాళ్ల దగ్గర చిరిగినవి నాలుగు. ఆ నాలుగింట్లోనూ రెండు కొన్నప్పుడే చిరిగి వున్నాయట, వాటికి ధర ఎక్కువట! సరే, కాలం. అసలు సంగతేమిటంటే ఇంకో నాలుగు శుభ్రంగా వున్నాయి. ఎవరైనా వేసుకుని బజారుకి వెళ్లొచ్చు. వీటన్నింటినీ కోసి మిషను మీద బొంత కుడతానని నేనంటే మా పక్కింటి వదినగారు గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"బంగారంలాంటి ప్యాంట్లు! కొయ్యడానికి నీకు చేతులెలా వస్తాయమ్మా? ఎవరికైనా ఇస్తే పుణ్యం."

ఈ ప్రశ్న చిన్నది కాదు. కత్తెర పెట్టాక మళ్లీ వెనక్కి పోలేం. ఉతికినా మాసినా, అరువిచ్చినా పోగొట్టుకున్నా ప్యాంటు ప్యాంటే. కోసిన మరుక్షణం అది గుడ్డ. ఇంకో మనిషి ఒంటిమీదికి వెళ్లగలిగిన దాన్ని నా సరదా కోసం గుడ్డపీలికలు చేసే హక్కు నాకుందా? నా డబ్బుతో కొన్నదే కావచ్చు. డబ్బు పెట్టి కొన్న అన్నం మాత్రం పారబోస్తే తప్పు కాదా?

అయితే 'ఎవరికైనా ఇస్తే' అన్న మాటలో ఆ 'ఎవరైనా' ఎవరు? మా ఇంట్లో పని చేసే ఆమె అక్కడే గిన్నెలు సర్దుతోంది. వదినగారు ఆమె వైపు చూసింది. ఆమె చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగానే అంది: "మీ అబ్బాయి వద్దనుకున్నవి మావాడికెందుకమ్మగారూ? వాడికీ షోకులున్నాయి. వాడి జీతంతో వాడు కొనుక్కుంటున్నాడు."

వదినగారికి కోపమొచ్చింది గానీ, ఆ మాటలో ఒక్క అక్షరం తీసేయడానికి లేదు. మనం దానం అనుకునే దాంట్లో ముప్పాతిక వంతు అటక ఖాళీ చేసుకోవడం. ఇచ్చేవాడికి అక్కర్లేదు గనక పుచ్చుకునేవాడికి అక్కర వుండి తీరాలనడం ఏం న్యాయం? కావాలని అడిగిన వాడికి ఇవ్వకపోవడం తప్పు. అడగని వాడి చేతిలో పెట్టి పుణ్యం రాసుకోవడం అంతకన్నా ఏమీ ఒప్పు కాదు.

పోనీ స్టీలు సామాన్లవాడికి వేస్తే? ప్యాంట్లన్నీ తిరగేసి మరగేసి, పెదవి విరిచి, ఓ చిన్న గిన్నె చూపిస్తాడు. మనం పెద్ద గిన్నె అంటాం, వాడు మూటకట్టి లేచిపోతాడు, మళ్లీ వస్తాడు. ఈ తంతు అందరికీ తెలిసిందే. ఆ మూటలో బాగున్నవి కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి పాతబట్టల సంతలో అమ్ముతారు. పనికిరానివాటికి దారులు వేరు. హర్యానాలో పానిపట్టు వుంది చూశారూ, మనం యుద్ధాలకే జ్ఞాపకం పెట్టుకున్న ఊరు, అక్కడ దేశదేశాల పాత ఉన్నిబట్టలు గుట్టలుగా వచ్చి పడతాయి. గుండీలూ జిప్పులూ పీకేసి, యంత్రాల్లో వేసి పీచు పీచుగా చీల్చి, ఆ పీచుతో మళ్లీ దారం తీసి కంబళ్లు నేస్తారు. అంటే కత్తెర ఎలాగూ తప్పదు. ఎవరి చేతిలో వుంటుందన్నదే తేడా.

బౌద్ధుల వినయపిటకంలో ఒక ముచ్చట వుంది. కౌశాంబిలో ఉదయన మహారాజు అంతఃపుర స్త్రీలు ఆనందుడికి ఐదువందల పైవస్త్రాలు దానం చేశారు. రాజుకి ఒళ్లు మండింది. సన్యాసికి ఇన్ని బట్టలెందుకు, బట్టలకొట్టు పెడతాడా? వెళ్లి అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి వాళ్ల పాతవో? పడక మీద దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లో? పరుపు గలీబులు. అవి పాతబడితే నేల మీద పరుచుకుంటాం. అవీ చివికితే కాళ్లు తుడుచుకునే గుడ్డలు, తరవాత దుమ్ము దులుపుకునే గుడ్డలు. అవి కూడా పోతే? చిన్నచిన్న ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం. రాజు ఇంకో ఐదువందలు ఇచ్చి వెళ్లాడు. ఆ వరస ఒకటికి రెండుసార్లు చదవండి. దుప్పటయ్యే లోపల ఎవరూ కాళ్లు తుడుచుకోలేదు. ఏ గుడ్డకైనా పై మెట్టు మీద పని మిగిలివుండగా కింది మెట్టుకి దించకూడదు. నాకు తెలిసి కత్తెరకి ఇంతకు మించిన ధర్మశాస్త్రం లేదు.

ఆ గ్రంథంలోనే ఇంకోటి. మగధలో వరిమళ్లు గట్లతో గళ్లుగళ్లుగా వుండడం చూసి, చీవరం అలా ముక్కలుగా కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడట. ఆనందుడు కుట్టి చూపించాడు. కోసి అతికిన బట్ట మీద దొంగకి ఆశ వుండదని కూడా ఒక లెక్క. కత్తెర పడగానే వెల పోతుంది, వాడకం మాత్రం మిగులుతుంది. అతుకుల బొంతని తిట్టుగా వాడేవాళ్లకి ఈ కథ వినిపించాలి.

ఇక ఖర్చు మాట. జీన్స్ కుట్టే ఓ పెద్ద అమెరికా కంపెనీ తన ప్యాంటు ఒకదానికి పత్తి పండించిన దగ్గర్నుంచి కొన్నవాడు ఉతికి పారేసే దాకా 3,781 లీటర్ల నీళ్లు పడతాయని 2015లో లెక్క చెప్పింది. అందులో మూడింట రెండు వంతులు పత్తిచేనుకే. మా అటక మీది పదకొండింటికీ ఆ లెక్కన 41 వేల లీటర్లు దాటాయి. అయితే బొంత కుడితే ఆ నీళ్లు వెనక్కొస్తాయా? రావు. ఈ బొంత వున్నది గనక కొత్త రగ్గు కొనడం మానేస్తేనే ఆదా. కొత్త అస్తరుగుడ్డా, కొత్త దూదీ, కొత్త దారపుండలూ, దానికోసం ఓ కొత్త మిషనూ కొని 'పాతవాటితో చేశాను' అని మురిసిపోవడం పొదుపు కాదు, వేడుక. వేడుక తప్పని కాదు, దాని పేరు దానికి పెట్టమంటున్నాను.

నా పని మాత్రం ఇలా సాగింది. బాగున్న నాలుగూ పక్కన పెట్టాను. మిగిలినవి చాలక, అన్నయ్య వాళ్లింట్లో చివికినవి మరో నాలుగు తెప్పించాను. కుట్ల వెంట విప్పడానికి కూచుంటే అది ఎంత మొండి బట్టో తెలిసింది. 1873లో లెవై స్ట్రాస్, జేకబ్ డేవిస్ అనే ఇద్దరు అమెరికాలో జేబుల మూలలకి రాగి రివెట్లు కొట్టి పేటెంటు తీసుకున్నది కాయకష్టం చేసేవాళ్ల కోసం. ఆ రివెట్టు మీదికి సూది పోయిందా, విరిగిందే. పడుగు నీలం, పేక తెలుపు. ఆ నీలం కూడా పోగు పైపైనే అంటుతుంది గానీ లోపలికి దిగదు. అందుకే ఒరిసిన చోటల్లా తెల్లబడుతుంది. జేబు ఊడదీస్తే కింద చదరం ముదురు నీలంగా, కొన్ననాటి రంగులోనే వుంటుంది. మోకాళ్లు వెలిసిపోయి వుంటాయి. ఎవరు ఎలా కూచునేవాళ్లో, పర్సు ఏ జేబులో పెట్టేవాళ్లో అన్నీ రాసి వుంటాయి.

ఏడంగుళాల చదరాలు, అరంగుళం కుట్టుకి పోతే ఆరంగుళాలు. అడ్డం పది, నిలువు పదమూడు, వెరసి 130. మామూలు సూది పనికిరాదు, పదహారో నంబరో పద్దెనిమిదో కావాలి. కుట్టు విప్పదీసి రెండు వైపులకీ పరిచి ఇస్త్రీ చెయ్యాలి, లేకపోతే నాలుగు మూలలు కలిసే చోట గుట్ట లేస్తుంది. అక్కడ కాలు తీసేసి చేత్తో చక్రం తిప్పుకోవాలి. అడుగున ఓ పాత నేతచీరె రెండు ముక్కలుగా కలిపి వేశాను. దూది అక్కర్లేదు, మన ఎండలకి అదొకటే తక్కువ!

మిషను మీద కుట్టింది బొంతేనా అని మా పెద్దత్తయ్య సందేహం. చేతికుట్టులో ప్రేమ వుంటుందంటుంది. నిజమే కావచ్చు, కానీ ఆ ప్రేమలో కళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లని కూడా నేను చూశాను. ప్రేమ దారంలో వుండదు, ఎవరి బట్ట, ఎవరి కోసం అన్నదాంట్లో వుంటుంది. అమెరికాలో అలబామా రాష్ట్రం గీస్ బెండ్ అనే పల్లె వుంది. బానిసలుగా బతికిన నల్లవాళ్ల సంతతి అక్కడివాళ్లు. మిస్సోరి పెట్‌వే అనే ఆమె భర్త పోయాడు. 1942లో ఆయన పొలంలో వేసుకున్న పనిబట్టలన్నీ కోసి బొంత కుట్టుకుంది, ఆయన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికి. ఆ పల్లె బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకెక్కాయి, గొప్ప చిత్రకళ అన్నారు. ఆమె మటుకు గోడ కోసం కుట్టలేదు. ఆ బట్టల్ని కూడా ఎవరికైనా ఇవ్వమని అప్పుడెవరైనా అనివుంటారా? అన్నా అది వినవలసిన మాట కాదు. కొన్ని బట్టలకి పై మెట్టు అదే.

మా బొంత పూర్తయి రెండున్నర కిలోలు తూగింది. తడిస్తే ఇద్దరు పట్టుకుని పిండాలి. డాబా మీద ఆరేస్తుంటే మా పనామె అంచు తిరగేసి, కుట్లు వేలితో రాసి చూసి అంది: "మా అత్త నేల మీద పడుకుంటది అమ్మగారూ, ఇలాంటిది ఒకటి కావాలి. ఊరికే వద్దు. మావాడి పాత ప్యాంట్లు తెస్తా, కుట్టుకూలి ఎంతో చెప్పండి."

పదకొండు కావాలన్నాను. మర్నాడు మూట తెచ్చింది, లెక్కపెడితే ఆరున్నాయి. నా అటక మీద బాగున్నవి నాలుగు వున్నాయి గదా అంటే, "అవి కొయ్యడానికి చేతులెలా వస్తాయమ్మా?" అని అచ్చం వదినగారిలాగే అడిగింది. మిగతా అయిదింటి సంగతీ, కూలి సంగతీ మేమిద్దరం ఇంకా బేరమాడుకుంటూనే వున్నాం.