మేడకు పిట్టగోడయా? గోతికి మూతయా?

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 21:33, 34, ద్వితీయోపదేశకాండము 22:8



జూదము మన గ్రామములకు క్రొత్త కాదు. సంక్రాంతి దినములలో కోడిపందెములు, తోటలలో పేకాట, తీర్థములలో గుండాట మన తాతలనాటినుండి ఉన్నవే. అయితే ఆ జూదమునకు ఒక చోటుండెను, ఒక వేళ యుండెను. ఆడువాడు ఇల్లు విడిచి పోవలసియుండెను. అతడెక్కడికి పోయెనో నలుగురికి తెలియుచుండెను. ఇప్పుడు జూదశాల చొక్కా జేబులోనికి వచ్చినది. ధాన్యము అమ్మిన సొమ్ము బ్యాంకులో పడిన రాత్రియే, ప్రక్కన భార్యాబిడ్డలు నిద్రించుచుండగా, చప్పుడు లేకుండ ఆ సొమ్మంతయు వెళ్లిపోవచ్చును.

గనుక ఈ మాసము మనము ఆలోచింపవలసిన ప్రశ్న యిది. ఫోనులో డబ్బు పెట్టి ఆడు ఆటల విషయమై ప్రభుత్వము ఏమి చేయుట న్యాయము? అనుమతించి, నియమములు పెట్టి, పన్ను తీసికొనవలెనా? లేక బొత్తిగా నిషేధింపవలెనా? జూదము మంచిదా చెడ్డదా అను ప్రశ్న వేరు. దానికి జవాబు మీరెరుగుదురు. కాని చెడ్డదని మనమెంచు ప్రతిదానిని ప్రభుత్వము నిషేధింపవలెనని చెప్పజాలము. పేరాశ చెడ్డది, సోమరితనము చెడ్డది. వాటికి జైలు లేదు. ఏది చట్టము చేతికి రావలెను, ఏది మనస్సాక్షికి విడువవలెను అని తేల్చుట పాలకులకు సులభమైన పని కాదు.

మోషే ధర్మశాస్త్రములో ప్రమాదమును గూర్చిన కట్టడలు రెండు కలవు. క్రొత్తగా ఇల్లు కట్టువాడు పైకప్పుచుట్టు పిట్టగోడ కట్టవలెను. కట్టనియెడల పడి చచ్చినవాని దోషము ఆ యింటిమీద నుండును. మరియు గొయ్యి త్రవ్వి మూయక విడిచినవాడు, దానిలో పడిన ఎద్దుకు నష్టపరిహారమియ్యవలెను. రెండును పొరుగువాని క్షేమము కొరకైనవే, అయినను వాటి తీరు వేరు. మేడను కూల్చివేయుమని మోషే చెప్పలేదు. దానిమీద ధాన్యమెండబెట్టుకొందుము, వేసవిలో నిద్రింతుము. ఎవడును పడకపోయినను మేడ మేలే చేయును. అట్టిదానికి పిట్టగోడ చాలును. గోతికైతే మూతయే కావలెను. పడువారివలననే లాభము వచ్చు గొయ్యి యొకటి యున్నది; అది వేటగాని గొయ్యి. దానిచుట్టు ఎంత చక్కని పిట్టగోడ కట్టుదునని వేటగాడు చెప్పినను మనము నమ్మవచ్చునా? ఫోనులోని జూదము మేడయా, గొయ్యియా అనునదే అసలు ప్రశ్న.

మేడయే అని తలంచిన దేశములు కలవు. బ్రిటను 2005లో జూదపు చట్టము చేసి, 2007లో అమలునకు తెచ్చి, లైసెన్సులిచ్చుటకు ఒక కమీషనును నియమించెను. వారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. మనుష్యులు ఎట్లయినను ఆడుదురు. నిషేధించినయెడల చీకటిలో ఆడుదురు. చీకటిలో మోసగానిని పట్టువాడుండడు. గనుక వెలుగులో ఉంచి కాపలా కాయుట మేలు అని వారందురు. అయితే ఆ పిట్టగోడను వారు మరల మరల ఎత్తు చేయవలసివచ్చెను. అప్పు తెచ్చి ఆడుచున్నారని 2020లో క్రెడిట్ కార్డులతో జూదమాడుట మాన్పించిరి. చక్రములు త్రిప్పు ఫోను ఆటలలో ఒక్కొక్క త్రిప్పునకు 5 పౌండ్లకు మించరాదనియు, 25 ఏండ్లలోపువారికి 2 పౌండ్లకు మించరాదనియు 2025లో హద్దు పెట్టిరి. చట్టము పుట్టిన యిరువది యేండ్లకు ఈ హద్దు వచ్చెను. నార్వే దేశము మరియొక త్రోవ పట్టినది. ప్రభుత్వపు కంపెనీయే ఆటలు నడిపి, లాభమును క్రీడలకును ధర్మకార్యములకును ఇచ్చును.

మన దేశములో త్రోవ వేరు. ఆంగ్లేయులు 1867లో చేసిన జూదపు చట్టము, నేర్పుతో ఆడు ఆటలను విడిచిపెట్టెను. స్వాతంత్ర్యము తరువాత రాజ్యాంగము జూదమును రాష్ట్రముల చేతికిచ్చెను. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారములో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ముఖ్యముగా నేర్పుతో కూడిన ఆట యని తీర్పు చెప్పెను. కొందరు కూర్చుండి పేకలాడుకొను క్లబ్బును గూర్చిన ఆ తీర్పునే, అర్ధ శతాబ్దము తరువాత లక్షలమందిని ఆడించు కంపెనీలు తమకు డాలుగా పట్టుకొనినవి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఫోనులో డబ్బు పెట్టి ఆడు ఆటలను నిషేధించినవి. తమిళనాడు చట్టమును 2021లోను, కర్ణాటక చట్టమును 2022లోను ఆయా హైకోర్టులు కొట్టివేసినవి. ఆ మీదట 2023 అక్టోబరు నుండి ఆటలో పెట్టు సొమ్ముపై నూటికి 28 వంతున జి.ఎస్.టి. వేసిరి. తుదకు 2025 ఆగష్టులో పార్లమెంటు, నేర్పయినను అదృష్టమైనను డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలన్నిటిని నిషేధించుచు చట్టము చేసెను. ఆడించువారికి మూడేండ్ల జైలు, కోటి రూపాయల జుర్మానా వరకు శిక్ష కలదు. ఆడువానికి శిక్ష లేదు. సుమారు 45 కోట్లమంది ఏటేట 20,000 కోట్ల రూపాయలకు పైగా పోగొట్టుకొనుచున్నారని ప్రభుత్వము అప్పుడు చెప్పెను. కంపెనీలు ఆ చట్టముపై కోర్టులకెక్కినవి.

ఈ చరిత్రలో మనము మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది: నేర్పా, అదృష్టమా అను ప్రశ్న చాలదు. పదిమంది తలకు నూరు రూపాయలు వేసికొని ఆడిరనుకొనుడి. మొత్తము 1000. ఎవడు గెలిచినను, ఆడించువాడు ప్రతి ఆటలో నూటికి పది తీసికొనిన, మొదటి ఆటకు 900, రెండవ ఆటకు 810 మిగులును. ఏడు ఆటలగునప్పటికి సగముకంటె తక్కువ మిగులును. ఆ పదిమందియు మహా నేర్పరులే యైనను లెక్క మారదు. నేర్పు ఎవడు ముందు మునుగునో చెప్పును గాని, సొమ్ము తరుగుటను ఆపదు. ఎద్దు పడిన తరువాత, ఆ గొయ్యి ఎంత నేర్పుతో త్రవ్వబడినదని ధర్మశాస్త్రము అడుగుట లేదు.

రెండవది: బొక్కసమును గూర్చినది. యూదా పారవేసిన ముప్పది వెండి నాణెములను ప్రధాన యాజకులు చేతపట్టుకొని, ఇది రక్తపు వెల గనుక కానుకపెట్టెలో వేయకూడదనిరి (మత్తయి 27:6). ఆ సొమ్మిచ్చి మనుష్యుని పట్టుకొనుటకు వారికి సంకోచము కలుగలేదు. తిరిగి పెట్టెలో వేయుటకు కలిగినది! కొన్ని ప్రభుత్వములకు ఆపాటి సంకోచమైనను లేదు. పోగొట్టుకొనువాని సొమ్ములో వంతు తీసికొనువాడు, వాడు పోగొట్టుకొనకుండ కావలి కాయగలడా? ఇది మనము చూడని సంగతి కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన పోరాటమువలన 1993లో సారా ఆగిపోయెను, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. బొక్కసములో సొమ్ము లేదనుట చెప్పబడిన కారణములలో ఒకటి. పాలకుల దుర్మార్గతకంటె, ఆ ఆదాయమునకు అలవాటుపడిన బొక్కసమే ఎక్కువ బలమైనది.

మూడవది: నిషేధమునకును వెల యున్నది. దొంగచాటున విదేశపు యాపులు వచ్చును. మోసపోయినవాడు ఫిర్యాదు చేయుటకు జంకును. మరియు మోషే, సంచిలో పెద్దదియు చిన్నదియునగు రెండు తూనికరాళ్లు ఉంచుకొనరాదనెను (ద్వితీ. 25:13). ఫోను ఆటను నిషేధించిన దేశములోనే కేరళ ప్రభుత్వము 1967 నుండి లాటరీ నడుపుచున్నది, గోవాలో క్యాసినోలున్నవి, గుఱ్ఱపు పందెములు చట్టసమ్మతమే. ఇవి రెండు రాళ్లు కావా అని కంపెనీలవారడిగిన, అడిగినవాడు స్వార్థపరుడైనంతమాత్రమున ప్రశ్న తప్పు కాదు. దానికి న్యాయమైన జవాబు, చిన్న రాయిని పారవేయుటయే గాని గోతిని మరల తెరచుట కాదు.

ఇన్ని చెప్పిన తరువాత నా మట్టుకు నాకు తోచునదేమనగా, ఇది మేడ కాదు, గొయ్యియే. కాలక్షేపమునకు పది రూపాయలతో ఆడి మానువారు చాలమంది యుందురు. వారివలన కంపెనీకి మిగులునది కొంచెమే. మానలేక ఆడు కొద్దిమందివలననే ఎక్కువ ఆదాయము వచ్చునని అనేక దేశములలో తేలినది. మానలేనివానిపై బ్రతుకు వ్యాపారమునకు పిట్టగోడ కట్టుట యెట్లు? అతడు పడకుండ నిజముగా ఆపినయెడల ఆ వ్యాపారమే నిలువదు. బలవంతుడు తన స్వేచ్ఛ పోయినదని బాధపడవచ్చును. ఆ బాధ నిజమే. అయితే బలహీనుడైన సహోదరునికి అభ్యంతరము కలుగకుండ తన హక్కును విడుచుకొనుమని పౌలు కొరింథీయులకు నేర్పలేదా? ఆట పోయినవాడు ఒక సాయంకాలపు వేడుక పోగొట్టుకొనును. గోతిలో పడినవాడు పొలము పోగొట్టుకొనును. ఈ రెండును ఒక్క త్రాసులో సరితూగవు.

ప్రియులారా, చట్టము గోతిని మూయగలదు గాని పడినవానిని పైకి లాగలేదు. ఆ పని మనది. ఆడువానిని నేరస్థుడుగా గాక నష్టపడినవాడుగా చట్టమే యెంచగా, సంఘము అతనిని వెలివేసినట్టు చూచుట తగునా? సిగ్గువలన అప్పు దాచును. దాచిన అప్పు వడ్డీతో పెరుగును. కొందరు ప్రాణమే తీసికొనుచున్నారు. అట్టివాడు మీ యింటనున్నయెడల తిట్లతో మొదలుపెట్టకుడి. అతని ప్రక్కన కూర్చుండి అప్పులన్నియు ఒక కాగితముమీద వ్రాయించుడి. కొంతకాలము బ్యాంకు ఖాతాను భార్యయో తల్లియో చూచుకొననియ్యుడి. అప్పులవానియొద్దకు పోవునప్పుడు అతనిని ఒంటరిగా పంపక పెద్దలలో ఒకరు తోడు పోవుడి. మనస్సు మిక్కిలి క్రుంగినయెడల ప్రభుత్వమువారి 14416 నెంబరుకు ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటలాడుదురు. జూదము లాగుకొనిన ఆ ఫోనే అప్పుడు సహాయమునకు పనికివచ్చును.

పాలకులకు న్యాయమైన త్రాసును, మనకు పడినవానియొద్దకు నడిచిపోవు కాళ్లను దేవుడు అనుగ్రహించును గాక. ఆమేన్.