ఫ్రిజ్ మీది సంచి

డాలస్ పక్కన ఒక ఊళ్లో రెండు పబ్లిక్ లైబ్రరీలు ఉండేవి. ఒకటి తూర్పున, ఒకటి పడమట. 2020లో కరోనా వచ్చి తలుపులు మూసినప్పుడు అమెరికాలో చాలా లైబ్రరీలు రంగు కాగితాలు, జిగురు, ఊలు లాంటివి కాగితం సంచుల్లో వేసి గుమ్మం బయటే ఇచ్చేవి. తల్లిదండ్రులు వాటిని ఇంటికి తెచ్చుకుని పిల్లలతో బొమ్మలు చేయించేవారు. అవి వాడేస్తే అయిపోయేవి. తలుపులు తెరిచాక ఈ ఊరివాళ్లు వాడుకుని తిరిగి ఇచ్చే కిట్లు తయారు చేశారు. గుడ్డ సంచిలో భూతద్దం, అయస్కాంతాలు, చిన్న గిలక, పళ్ల చక్రాలు, ఇంటిల్లిపాదీ కలిసి ఎలా ఆడాలో చెప్పే కార్డు. మూడు వారాలు ఇంట్లో ఉంచుకోవచ్చు.

తూర్పు లైబ్రరీ ఆవిడ లెక్క మనిషి. ప్రతి సంచికీ ఒక చీటీ కుట్టించింది. లోపల ఎన్ని వస్తువులున్నాయో, ఏది పోతే ఎంత కట్టాలో అందులో ఉంటుంది. ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు మన ఎదుటే లెక్కపెట్టేది. పడమటి లైబ్రరీ పెద్దాయన చీటీ జోలికి పోలేదు. సంచిలో ఒక నోటుబుక్కు వేసి, ఏం చేశారో రాయమన్నాడు. ఏదైనా పోతే అదీ రాయమన్నాడు.

ఏడాది తిరిగాక బోర్డు సభ్యుడొకాయన తనిఖీకి వచ్చాడు. తూర్పున సంచులన్నీ కొత్త పెళ్లికూతురి పెట్టెల్లా ఉన్నాయి, ఒక్క ముక్క పోలేదు. పడమటి సంచి విప్పితే ఒక అయస్కాంతం లేదు, గిలక తాడు తెగితే ఎవరో బూటు లేసు కట్టారు, కార్డు మీద పసుపు మరక. నోటుబుక్కులో ఇంగ్లీషు, స్పానిష్, మధ్యలో ఒక పేజీ తెలుగు: "మా ఊరి బావి గిలక ఎలా కిర్రుమనేదో మనవడికి చూపించాను. అయస్కాంతం సోఫా కింద ఎక్కడో పడింది, దొరకలేదు."

సభ్యుడు తూర్పుకి మెచ్చుకోలు, పడమరకి మందలింపు రాయబోయాడు. "రాసే ముందు ఆ తూర్పు సంచి ఏ ఇంటికెళ్లిందో వాళ్లనొకసారి అడగండి" అన్నాడు పెద్దాయన.

మర్నాడు తూర్పు లైబ్రరీలో సంచి తిరిగి ఇవ్వడానికి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. ఏం ఆడుకున్నావని సభ్యుడు చిన్నపిల్లని అడిగాడు.

"ఏమీ ఆడలేదు. ఫ్రిజ్ మీద ఉంది."

జరిగిందిదీ. బాపట్ల నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మ మనవరాలి కోసం సంచి ముడి విప్పబోయింది. చీటీ చదివిన కూతురు పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ముట్టుకోకు. భూతద్దం పోతే ముప్పై డాలర్లట."

"ముప్పై డాలర్లే! అంటే రెండున్నర వేలు. పైన పెట్టెయ్యి తల్లీ."

సభ్యుడు సంచి విప్పి చూశాడు. గిలక మీద కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఏడాదిలో ఎన్ని ఇళ్లు తిరిగిందో, ఎన్ని ఫ్రిజ్‌లెక్కిందో! రాసిన కాగితం చింపి, పడమటికి అయస్కాంతాలు కొనిపెట్టమనీ, తూర్పున చీటీలు విప్పించమనీ కొత్తది రాశాడు.

నీతి: పోతుందేమోనని భయపెట్టి ఇచ్చింది ఇచ్చినట్టు కాదు.

ఈ జబ్బు పాతదే. పుస్తకం ఖరీదైన రోజుల్లో యూరప్‌లో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేవారు. ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్ కెథీడ్రల్‌లో ఆ గొలుసుల లైబ్రరీ ఇప్పటికీ ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా ఉన్న రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ప్రకటిస్తూ, వాడకాన్నే మొదటిదిగా పెట్టాడు. అది వివరించడానికి ఆ గొలుసుల సంగతే ఎత్తుకున్నాడు. ఇనుప గొలుసులు పోయాక జరిమానాలు వచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో లైబ్రరీలు 2019లో ఆలస్య రుసుము ఎత్తేశాయి. పుస్తకాలు ఇక తిరిగి రావని శంకించినవాళ్లు ఉన్నారు. షికాగోలో మాత్రం, ఎప్పటినుంచో ఇళ్లలో ఉండిపోయినవి కూడా వెనక్కి రావడం మొదలైంది.

లెక్కే వద్దని నేననను. తర్వాత తీసుకెళ్లే పిల్లకి భూతద్దం లేని సంచి చేతికొస్తే అదీ అన్యాయమే. కాకపోతే ఆ లెక్క వెనక గదిలో చూసుకోవాలి, కౌంటరు దగ్గర తల్లి మొహం మీద కాదు. అరిగేవాటికి, పోయేవాటికి బడ్జెట్‌లో ముందే ఒక పద్దు రాసిపెట్టుకోవాలి. పిల్లలు తాకే వస్తువు అరగకుండా ఉంటే దాన్ని కొన్న డబ్బు దండగ.

మీ ఊరి శాఖా గ్రంథాలయంలో పిల్లల ఆటసామాను బీరువాలో తాళం వేసి ఉంటే, ఇళ్లకు పంపమని అడగండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నది మనమే.