కనబడని పనికి నమ్మకస్తుడు



మన సంఘములలో ఇప్పుడు ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. ఉద్యోగము దొరికినప్పుడు కృతజ్ఞతార్పణ తెస్తారు, మనము సంతోషిస్తాము. జీతమెంత, పెండ్లి ఎప్పుడు అని అడుగుతాము. ఆ పనిలో నీ మనస్సాక్షికి భారమైనది ఏమిటని మాత్రము అడగము. మేమును అడగలేదు. అంతే కాదు, ఒకసారి మేమే ఆ భారమైనాము. ఆ సంగతి వ్రాయవలెనని చాలాకాలముగా అనుకొంటున్నాము.

కొన్ని సంవత్సరముల క్రితము శిడ్లఘట్ట తాలూకా జంగమకోటె ప్రాంతములో మా చిన్న సంఘమునకు మందిరము కట్టించుకొంటున్నాము. ఒంగోలు, నెల్లూరు వైపు నుండి బ్రతుకుతెరువుకు వచ్చి స్థిరపడిన కుటుంబములు పైసా పైసా కూడబెట్టిన సొమ్ము అది. మా సంఘస్థుల కుమారుడొకడు సివిల్ ఇంజనీరు. రూపాయి తీసుకొనకుండ పని చూచినాడు. డిసెంబరు 8న స్లాబు వేసినారు. క్రిస్మస్ ఆరాధన కొత్త మందిరములోనే జరగాలని పెద్దలమందరము తీర్మానించుకొని, సెంట్రింగు విప్పించుమని అతనిని అడిగినాము.

“నడిమి దూలము ఆరు మీటర్లు దాటింది మాస్టారూ. దాని కింద ఊతకర్రలు 21 రోజులు ఉండవలసిందే” అన్నాడు.

“ప్రార్థన చేసి విప్పుదాము బాబూ, దేవుడు చూచుకుంటాడు” అన్నాము.

“ప్రార్థన చేయండి మాస్టారూ. కర్రలు మాత్రం తీయకండి. కాంక్రీటుకు మన పండుగ తెలియదు” అన్నాడు.

ఆ క్రిస్మస్ మేము బయట షామియానా కింద చలిలో జరుపుకొన్నాము. చదువుకున్న పొగరు అని కొందరన్నారు. మేము కాదనలేదు. రెండు ఆదివారములు అతనితో సరిగా మాటాడలేదు. 29న ఊతకర్రలు తీసినారు. దూలము చెక్కుచెదరలేదు. “ముందు తీసినా ఏమీ అయ్యేది కాదు” అని ఒకరన్నారు. కావచ్చును. ఎవరికి తెలుసు? తాను చెప్పినది సరియని రుజువు చేసుకొనుటకు అతనికి దారి లేదు. ఆ వృత్తిలోని కష్టము ఇదేనని మాకు తరువాత తెలిసినది.

వైద్యుడు రోగిని బాగుచేస్తే ఇల్లంతా చెప్పుకుంటుంది. ఉపాధ్యాయులమైన మాకు, చదువు చెప్పిన పిల్లలు ఎదుటపడి నమస్కరిస్తారు. ఇంజనీరు సరిగా పనిచేస్తే మాత్రము ఏమీ జరగదు. పునాది మట్టి కిందికి, కమ్మీ కాంక్రీటు లోపలికి పోతుంది. మరునాటికి దానిని చూచే కన్ను లేదు. కలుపు సులువుగా పారాలని మేస్త్రీ రెండు బకెట్ల నీళ్ళు ఎక్కువ పోస్తాడు. ఆరిన తరువాత బలము తగ్గుతుంది. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలపడము నాలుగు రోజులు మానివేసినా పైకి తెలియదు. అదే కలుపుతో పోసిన 15 సెంటీమీటర్ల దిమ్మలను 28వ రోజున యంత్రములో నలిపి చూస్తేనే దాని పూర్తి బలము తెలుస్తుంది. అంతలోపల పైపని సాగుతూనే ఉంటుంది, కొలతల పుస్తకములో సంతకము అడుగుతారు. తొందరపెట్టేవారు దొంగలే కానక్కరలేదు. ఇంటి యజమాని, గుత్తేదారు, పై అధికారి, ఒక్కొక్కసారి సంఘపెద్దలు.

ఈ చిక్కబళ్ళాపురం జిల్లాలోని ముద్దేనహళ్ళిలోనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టినారు. వారి పూర్వులు గిద్దలూరు వైపు మోక్షగుండము నుండి, మనవలెనే, వలస వచ్చినవారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకొన్న తరువాత నిజాము ప్రభుత్వము ఆయనను పిలిపించినది. నగరమునకు ఎగువన జలాశయములు కట్టి వరదను పట్టవలెనని ఆయన సలహా ఇచ్చినారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. వాటివలన ప్రాణము దక్కినవారు ఎవరో వారికే తెలియదు. రాని వరదకు ఎవరు కృతజ్ఞత చెప్పుతారు?

మన బాప్టిస్టు చరిత్రలోను ఇట్టి నిదానము ఒకటి ఉన్నది. ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు యౌవనములో అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వే గుత్త తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి కల్పించినారు. బాప్తిస్మము ఇమ్మని అడిగినవారికి మాత్రము, కూలి కొరకు వచ్చినారేమోనని, కరువు సహాయము ముగిసేవరకు ఇవ్వలేదు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినములో 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆ సంఖ్యను మనము గొప్పగా చెప్పుకొంటాము. దానికి ముందున్న కనిపెట్టుటను మరచిపోతాము. ఊత తీసివేసిన తరువాత కూడ నిలిచేదే విశ్వాసమని ఆయన ఎరుగును.

అయితే ఒక ప్రశ్న మిగిలి ఉన్నది. అపాయము చిన్నదైనప్పుడు నలుగురి సంతోషము కొరకు కొంచెము సర్దుకొనరాదా? మేమును అప్పుడు అలాగే అనుకొన్నాము. ఆ అపాయము మా తలమీదికి మాత్రమే వచ్చేదైతే ఆ మాటకు విలువ ఉండేది. కాని పండుగ దినమున ఆ దూలము కింద ముందు వరుసలో కూర్చుండేది సండేస్కూలు పిల్లలు. వారిని మేము అడగలేదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టించుకొనువాడు పైకప్పునకు పిట్టగోడ కట్టించవలెనని, లేనియెడల పడినవాని రక్తదోషము ఆ ఇంటిమీదికి వచ్చునని ఉన్నది. ఎవడో పడేవరకు ఆగుమని ధర్మశాస్త్రము చెప్పలేదు. మన ఇంటికి ఎప్పుడో వచ్చే, మనము ఎరుగని మనిషిని గూర్చి ముందే ఆలోచించుమన్నది. సివిల్ ఇంజనీరు దినమెల్ల చేసే పని అదే. పొరుగువానిని ప్రేమించుటలో అదియు ఒక విధము.

కాబట్టి సంఘములకు మా మనవి ఇది. మన పిల్లలు ఇంజనీర్లయినప్పుడు ఏమి కట్టినావని మాత్రమే గాక, దేనిమీద సంతకము చేయక నిలిచినావని కూడ అడుగుదము. దానివలన బదిలీ అయినవారు, పని పోయినవారు ఉంటే వారి పక్షమున నిలుచుదము. కనీసము మనమే వారిని తొందరపెట్టకుందము.

ఆ యౌవనస్థుడు ఇప్పుడు వేరే ఊరిలో పనిచేస్తున్నాడు. ఈ పత్రిక అతనికి అందుతుంది. బాబూ, ఆ రెండు ఆదివారముల కొరకు మమ్మును క్షమించుము. ఆ దూలము కిందనే ప్రతి వారము పిల్లలు కూర్చుంటున్నారు.