స్టోయిక్ మతము – వర్తకుని మౌనము

తత్త్వశాస్త్రమును గురించి వ్రాయడము పండితుల పని. హైస్కూలు చదువుతో అంగడి పట్టి, భివండీలో కోరా గుడ్డ వ్యాపారము చేసుకొనే నావంటి వాడు దీనికి పూనుకోవడము సాహసమే. అయినను ఈ విషయము వర్తకులకు చాలా దగ్గరిదని తోచి వ్రాస్తున్నాను. ఎందుచేతనంటే, స్టోయిక్ మతమును స్థాపించినవాడు మొదట ఒక వర్తకుడే.

అతని పేరు జీనో. సైప్రస్ ద్వీపములోని సిటియమ్ పట్టణము వాడు. గుడ్డలకు అద్దే ఖరీదైన ఊదా రంగు సరకుతో వస్తూండగా ఏథెన్సు రేవు సమీపములో అతని ఓడ మునిగినదనీ, తరువాత ఒక పుస్తకాల దుకాణములో సోక్రటీసును గురించి చదువుతూంటే విని తత్త్వవిచారము వైపు మళ్ళినాడనీ ప్రాచీనులు చెప్పుకొన్నారు. క్రీ.పూ. 300 ప్రాంతములో అతడు ఏథెన్సు బజారు చెంత, బొమ్మలు చిత్రించిన ఒక వసారాలో పాఠము చెప్పసాగినాడు. గ్రీకు భాషలో వసారాకు ‘స్టోవా’ అని పేరు. దానినిబట్టి అతని శిష్యులు స్టోయిక్కులైనారు.

ప్లేటో అకాడెమీ, అరిస్టాటిల్ లైసియమ్, ఎపిక్యూరసు తోట, జీనో వసారా – ఈ నాలుగును ప్రాచీన యవన తత్త్వమునకు నాలుగు స్తంభములు. క్రీ.శ. 176లో రోము చక్రవర్తి మార్కస్ అరీలియస్ ఏథెన్సులో ఈ నాలుగు శాఖలకు ఆచార్య పీఠములు ఏర్పాటు చేసినాడు. ఆ చక్రవర్తి తానే స్టోయిక్కు. అతడు ఎవరి ఉపదేశములను చదివి మనస్సు దిద్దుకొన్నాడో ఆ ఎపిక్టీటసు పుట్టుకతో బానిస. సింహాసనము మీదివానికీ బానిసకూ ఒకటే ధర్మము చెప్పగలగడము ఈ మతము గొప్పతనము.

ఆ ధర్మము ఏమిటి? గుణమొక్కటే మేలు, దుర్గుణమొక్కటే కీడు. ధనము, ఆరోగ్యము, కీర్తి అనేవి మేలూ కావు, కీడూ కావు. వాటిని కోరుకోవచ్చును, సంపాదించవచ్చును. కాని అవి ఉన్నంత మాత్రమున మనిషి మంచివాడు కాడు, పోయినంత మాత్రమున చెడిపోడు. మన అభిప్రాయము, మన కోరిక, మన ప్రయత్నము మన చేతిలోనివి. తక్కినవి కావు. నూలు ధర పెరగడము, కరెంటు పోవడము, కొన్నవాడు బాకీ ఎగగొట్టడము మన చేతిలో లేవు. అప్పుడు మనము ఎట్లా నడుచుకొంటామన్నది మాత్రము మన చేతిలోనిదే.

ఇంతవరకు విని చాలమంది, స్టోయిక్ మతమంటే నష్టము వచ్చినప్పుడు ఓర్చుకోవడమని అనుకొంటారు. అది సగము మాట. ధనము మీద మమకారము లేదన్న మనిషికి అసలు పరీక్ష నష్టములో కాదు, లాభము చేతికి అందే ఘడియలో. దీనిని గురించి స్టోయిక్ గురుశిష్యుల మధ్యనే ఒక వాదము నడిచినది. సిసిరో అనే రోమను పండితుడు క్రీ.పూ. 44లో ఏథెన్సులో చదువుకొంటున్న తన కొడుకు కోసము కర్తవ్యములను గురించి వ్రాసిన గ్రంథములో దానిని వివరించినాడు.

రోడ్స్ ద్వీపములో కరవు. అలెగ్జాండ్రియా నుండి ఒక మంచి వర్తకుడు ఓడ నిండ ధాన్యము తెచ్చినాడు. వెనుకనే మరికొన్ని ధాన్యపు ఓడలు బయలుదేరడము అతడు కండ్లార చూచినాడు. ఆ సంగతి చెబితే ధర పడిపోతుంది. చెప్పకపోతే అడిగినంత వస్తుంది. చెప్పవలెనా, వద్దా?

బాబిలోను వాడైన డయోజనీసు అనే గురువు ఇట్లా తీర్పు చెప్పినాడు: సరకులోని లోపమును చట్టము చెప్పుమన్నంత మేరకు చెప్పవలెను, మోసము చేయరాదు, ఆపైన దొరికిన ధరకు అమ్ముకోవచ్చును, ఊరకుండడము వేరు, దాచడము వేరు. అతని శిష్యుడు ఆంటిపేటరు ఒప్పుకోలేదు. మనుష్యులందరూ ఒకే సంఘము. అందరి మేలూ మన మేలే. కొనేవానికి తెలియనిదేదీ అమ్మేవాడు తెలిసి దాచరాదన్నాడు. సిసిరో శిష్యుని పక్షమే వహించినాడు.

మన ఊరిలో ఈ వాదమును పెట్టి చూడవలెను. భివండీ మరమగ్గముల ఊరు. తెలంగాణా జిల్లాల నుండి వచ్చిన నేతపనివారు పద్మనగరులో స్థిరపడి తరములైనవి. నాలుగు మగ్గములతో బ్రతికే ఒకాయన నూలు కొనడానికి వచ్చినాడనుకొందాము. ఆ సంచులలో రెండు లాట్ల నూలు కలిసిపోయినదని అమ్మేవానికి తెలుసు. కోన్లు చూస్తే తేడా కనబడదు, కోరా గుడ్డలోనూ కనబడదు. రంగు వేసిన తరువాత చారలు తేలుతవి. అప్పుడు ధర కోసేది ఎవరికి? నేసినవానికి. అమ్మినవాడు అబద్ధమాడలేదు, “లాటు ఒకటేనా?” అని అతడు అడగలేదు, ఇతడు చెప్పలేదు. డయోజనీసు మాట ప్రకారమే చూచినా లోపము చెప్పమని చట్టము అడిగేచోట ఇతడు తప్పించుకోలేడు. కాని చట్టము దుకాణము దాకా వచ్చేది ఎన్నడు? ఆంటిపేటరు అక్కడ లోపలినుండి పట్టుకొంటాడు.

అయితే వర్తకుని పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. రేపటి ధరను గురించి మన మనస్సులో ఉన్న ప్రతి ఊహనూ కొనేవానికి విన్నవించుకొంటూ కూర్చుంటే అంగడి సాగదు. ఊహ తప్పయితే అతడికే నష్టము కూడాను. నాకు తోచిన హద్దు ఇది: ఊహను దాచుకోవచ్చును, ఎరిగినదానిని దాచరాదు. రోడ్సు వర్తకునిది ఊహ కాదు. ఓడలను చూచి వచ్చినాడు. కొనేవాడు ఆకలితోనో అవసరముతోనో ఉండి, మనము ఎరిగినది అతడు ఎరుగకపోవడమే మన లాభమునకు కారణమైతే, ఆ మౌనము తక్కెడ మీద పెట్టిన వ్రేలే.

మన శ్రావకులకు ఇది కొత్త కాదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో అస్తేయవ్రతమునకు చెప్పిన అతిచారములలో తూనికల హెచ్చుతగ్గులు, మంచి సరకులో నాసి కలిపి అమ్మడము ఉన్నవి. అంగడిని ఎరిగి చెప్పిన మాటలవి. సామాయికములో కూర్చుండి లాభనష్టములయందు సమభావము అభ్యసించడము స్టోయిక్కుల సాధనకు దగ్గరే.

రెండును ఒకటేనని మాత్రము అనరాదు. స్టోయిక్కులు లోకమంతటిని ఒక దైవీ బుద్ధి నడుపుతున్నదన్నారు. మనము కర్తను ఒప్పుకోము, కర్మను నమ్ముతాము. వారు న్యాయమును మనుష్యుల వరకే ఉంచి, జంతువులకు మనము న్యాయము బాకీ లేమన్నారు. అహింసను పరమధర్మమన్నవారికి ఇది అంగీకారము కాదు. వారి సంఘము మనుష్యుల వద్ద ఆగినది, మనది చీమ దాకా పోయినది. అయితే చీమకు చక్కెర వేసే చేయి మగ్గము వానికి లాటు తేడా చెప్పకపోతే, మన విశాలత్వము ఎందుకు?

అందుచేత సోదర వర్తకులకు నా మనవి ఇంతే. రోజూ గల్లా లెక్క చూచుకొనేటప్పుడు, వచ్చినదెంత అనేదానితో పాటు, ఎరిగీ చెప్పనిది ఏమైనా ఉన్నదా అని ఒక్క నిమిషము చూచుకోవలెను. ధర మన చేతిలో లేదు. ఆ మాట చెప్పడము మన చేతిలోనిదే.